తేదీ మార్చమంటున్నారు, పేర్లు కలపమంటున్నారు

శ్రీకాకుళం జిల్లాలో పనిచేసే ఒక యువ డాక్టరు రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం చెబుతాను.

ఆమెది కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం, కవిటి వైపు పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. తండ్రి కిడ్నీ జబ్బుతోనే పోయారు. కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎండీ చేసి ఇప్పుడు ఒక మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నారు. తన ప్రాంతంలోని పల్లెల్లో 412 మందికి రక్తం, మూత్రం పరీక్షలు చేసి, కిడ్నీల పనితీరు మీద ఒక పేపరు రాశారు. జర్నల్‌కు పంపడమే తరువాయి. అక్కడే చిక్కొచ్చింది.

మొదటి పేరు తనది ఉండాలన్నారు డిపార్ట్‌మెంట్ పెద్ద, అంటే హెచ్ఓడీ. రెండో పేరు వేరే డిపార్ట్‌మెంట్‌లో ఉన్న తన బంధువుది పెట్టమన్నారు. ఆ బంధువుకు ప్రమోషన్ దగ్గర పడిందట, ఈ పనికీ ఆవిడకూ ఏ సంబంధమూ లేదు. ఊళ్లన్నీ తిరిగి రక్తం తీసిన ల్యాబ్ టెక్నీషియన్ పేరు మాత్రం ఎక్కడా లేదు. ‘ఆరు దాటితే జనం జీడితోటలకు వెళ్లిపోతారని తెల్లారకుండానే ఐస్ బాక్సు బండికి కట్టుకుని బయల్దేరేవాడు. మొన్న కనబడి, మన కాయితం అయిపోనాదా మేడమ్ అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు’ అని రాశారు. మధ్యలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) కిట్ కంపెనీ మారిందని అతను చెప్పాడట. పేపర్లో అదంతా గందరగోళమని ఆమె రాయలేదు.

ఇంకా ఉంది. 72 గంటల్లో అంగీకారపత్రం ఇస్తాం, 18,000 కట్టండి అని ఒక జర్నల్ నుంచి మెయిల్. ఇంగ్లిష్ మీద ధైర్యం లేకపోతే మొత్తం మేమే రాసిపెడతామని ఒక ఏజెన్సీ. చివర్లో, సంతకానికి ముందు, ఒక్క వాక్యం: ‘అన్నట్టు, మొదటి 57 మంది డేటా ఎథిక్స్ కమిటీ లెటర్ రాకముందు మా డిపార్ట్‌మెంట్ హెల్త్ క్యాంపులో తీసింది. లెటర్ వచ్చాకే మొదలుపెట్టామని తేదీ వేసేయ్, ఎవరు చూడొచ్చారు అంటున్నారు మా హెచ్ఓడీ సార్.’

‘పేరు కోసం గొడవ పడనా, సర్దుకుపోనా?’ ఇదీ ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో ముప్పావు వంతు పేర్ల గురించే ఉంది. నా కన్ను మాత్రం ‘అన్నట్టు’ దగ్గరే ఆగిపోయింది. పేర్ల సంగతి ఇవాళ కాకపోతే రేపు మాట్లాడుకోవచ్చు. తేదీ అలాంటిది కాదు. ఒకసారి అచ్చులోకి వెళ్లాక మీరూ సారూ కూర్చుని సర్దుకుంటే సర్దుకునేది కాదది. అందుకే మీరు రాసిన వరసను తిరగేసి, ఆఖరి వాక్యంతో మొదలుపెడతాను.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగానే ఉంది. మనుషుల మీద చేసే పరిశోధనకు కమిటీ అనుమతి ముందే ఉండాలి, అయిపోయిన పరిశోధనకు వెనక తేదీతో అనుమతి ఉండదు. కానీ మీ 57 మంది సంగతి కాస్త వేరు. వాళ్లను మీరు పరిశోధన కోసం పిలవలేదు, క్యాంపుకు వచ్చారు, మామూలుగా పరీక్ష చేశారు. అంటే అవి అప్పటికే ఉన్న రికార్డులు. ఇక్కడ మీకు దారులున్నాయి.

ఒకటి, ఆ 57 మందినీ తీసేయడం. 355 మంది మిగులుతారు. ప్రోటోకాల్‌లో, అంటే పరిశోధన ప్రణాళికలో, వేసుకున్న శాంపిల్ సైజుకు అది సరిపోతుందేమో చూసుకోండి. సరిపోతే లెక్కలన్నీ మళ్లీ వేసి, తీసేసిన సంగతీ ఎందుకు తీసేశారో కూడా ఒక వాక్యంలో రాసేయండి. రెండు మూడు వారాల పని.

రెండోది, కమిటీ మెంబర్ సెక్రటరీకి ఉన్నదున్నట్టు లెటర్ పెట్టడం. ఇవి క్యాంపు రికార్డులు, పేర్లూ ఊళ్లూ తీసేసి వాడుకోవడానికి అనుమతి ఇవ్వగలరా అని అడగడం. ఇలాంటి రికార్డులకు విడిగా సమ్మతి పత్రం అక్కర్లేదని మినహాయింపు ఇచ్చే అధికారం కమిటీకి ఉంది. ఇస్తారని నేను హామీ ఇవ్వలేను. వాళ్ల మీటింగ్ ఎప్పుడు పెడితే అప్పటిదాకా ఆగాలి. కాదంటే మొదటి దారే మిగులుతుంది.

మూడోది సార్ చెప్పినది. ఎవరు చూడొచ్చారు అన్నారు కదా. ల్యాబ్ రిజిస్టర్‌లో సీరియల్ నంబరు పక్కన తేదీ ఉంటుంది. ఎనలైజర్ ప్రింటవుట్ మీద ఉంటుంది. ఎథిక్స్ లెటర్ కాపీ పంపమని జర్నల్ ఎప్పుడైనా అడగొచ్చు. జర్నల్ అడక్కపోయినా, రేపు మీ కాలేజీలో మీ మీద గిట్టనివాళ్లు ఒక్కరుంటే చాలు, ఎడిటర్‌కు ఒక మెయిల్ పెడతారు. అప్పుడు పేపర్‌ను ఉపసంహరిస్తారు. ఆ నోటీసు వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో మీ పేరు వెతికిన ప్రతివాళ్లకూ కనబడుతుంది, ఎప్పటికీ. సార్ చెప్పింది నోటిమాట. కాగితం మీద ఉండేది మీ సంతకం.

నేనైతే మొదటి దారి పడతాను. మీకు ఆ 57 మంది లేకపోతే పేపరు బలహీనపడుతుందనిపిస్తే రెండోది చూడండి. మూడోదాన్ని లెక్కలోంచే తీసేయండి. సార్‌తో వాదనకు దిగకుండా, ‘సార్, 57 మందిని తీసేసి చూశాను, ఫలితం ఇలా వచ్చింది’ అని కొత్త టేబుల్ చేతికివ్వండి. తేదీ మార్చాల్సిన అవసరమే లేకుండా పోతుంది.

ఇప్పుడు మీరు గందరగోళమని వదిలేసిన కిట్ సంగతి. నన్నడిగితే మీ పేపర్లో అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం మీ టెక్నీషియన్ దగ్గరుంది. క్రియాటినిన్ కొలవడానికి మన ల్యాబుల్లో ఎక్కువగా వాడేది జాఫే పద్ధతి. ఎంజైమ్ పద్ధతి ఖరీదెక్కువ. రక్తంలో గ్లూకోజు, కీటోన్లు, బిలిరుబిన్ ఎక్కువగా ఉంటే జాఫే లెక్క అటూ ఇటూ అవుతుంది. కిట్ మారితే కాలిబ్రేషన్ (కొలత సరిచూసుకునే అమరిక) కూడా మారవచ్చు. తేడా చిన్నదే కదా అనుకోకండి. 45 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.3 అనుకుందాం. 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంలో వేస్తే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం అంచనా, 69 వస్తుంది. అదే 1.5 అయితే 58. మధ్యలో 60 గీత ఉంది, అంతకన్నా తగ్గితే కిడ్నీల పని తగ్గినట్టు లెక్క. పాయింటు రెండు తేడాతో ఒక మనిషి ఆరోగ్యవంతుల గడిలోంచి రోగుల గడిలోకి వెళ్లిపోయాడు. మీ పేపరు ఫలితమంతా ఆ గీతకు ఇటెంతమంది అటెంతమంది అన్నదే. జర్నల్ తరఫున పేపరు పరిశీలించే రివ్యూయర్ కిడ్నీ జబ్బుల మీద పనిచేసేవాడైతే, మీ పద్ధతుల విభాగంలో మొదట వెతికేది క్రియాటినిన్ ఏ పద్ధతిలో కొలిచారు, కాలిబ్రేషన్ ఐడీఎంఎస్ అనే అంతర్జాతీయ కొలత ప్రమాణానికి ముడిపడి ఉందా అనే. అక్కడ ఏమీ లేకపోతే అడుగుతాడు. కిట్ మారిందని మీరే చెప్పి, మారకముందూ మారిన తర్వాతా విడివిడిగా లెక్క వేసి చూపిస్తే నమ్ముతాడు. దాచితే, తెలిసినరోజు మిగతాదేదీ నమ్మడు.

టైటిల్ కూడా చూసుకోండి. ‘దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉంది’ అనే అర్థంలో పెట్టారు. మీరు ఒక్కొక్కరికి ఒక్కసారే పరీక్ష చేశామని రాశారు. దీర్ఘకాలికం అనాలంటే తేడా మూడు నెలలైనా నిలిచి ఉండాలని కిడ్నీ జబ్బులకు మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ సంస్థ కేడీఐజీఓ నిర్వచనం. వైశాఖం ఎండలో రోజంతా తోటలో పనిచేసి, నీళ్లు సరిగ్గా తాగని మనిషికి ఆ పూట క్రియాటినిన్ కొంచెం పెరిగి ఉండొచ్చు. కాబట్టి ‘ఈజీఎఫ్ఆర్ తగ్గినవారు’ అని టైటిల్ మార్చడం తేలిక. లేదంటే తక్కువ వచ్చినవాళ్లకు మూడు నెలల ఎడంతో మళ్లీ పరీక్ష చేయాలి. దానికి ప్రోటోకాల్ సవరణ కమిటీకి పెట్టాలి, మళ్లీ రీఏజెంట్ ఖర్చు, మళ్లీ ఊళ్లు తిరగడం. పేపరు విలువ మాత్రం రెట్టింపవుతుంది. ఓపిక, డబ్బు ఉన్నదాన్ని బట్టి చూసుకోండి.

ముగింపులో ‘నీళ్లే కారణం’ అని రాశారు. నాన్నగారి సంగతి మీరు రాశారు కాబట్టి ఆ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుస్తోంది. అయినా తీసేయమనే చెబుతాను. అందరినీ ఒకేసారి చూసి చేసిన సర్వే ఎంతమందికి ఉందో చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పలేదు. వంశధార నీళ్లు హిరమండలం నుంచి పైపుల్లో ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. మంచిదే. కానీ కారణం మాత్రం ఇంకా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరిపొలాల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఎండా, నీళ్లా, పురుగుమందులా అని ఇంకా తర్జనభర్జనలే. మీరు తొందరపడి తేల్చేస్తే నిజంగా కారణం వెతికేవాళ్లు మీ పేపర్‌ను పక్కన పెట్టేస్తారు. మీ డేటా వాళ్లకు పనికిరావాలి.

ఊళ్ల పేర్లు టేబుల్‌లో ఉన్నాయని కూడా రాశారు. తీసి, ఊరు 1, ఊరు 2 అని పెట్టండి. రెండొందల గడప ఉన్న ఊళ్లో ‘52 ఏళ్లు, మగ, డయాలిసిస్’ అంటే ఎవరో ఊరందరికీ తెలుసు. పైగా ఫలానా ఊళ్లో కిడ్నీ జబ్బు ఎక్కువట అని పేపర్లో పడితే, ఆ ఊరి పిల్లకు సంబంధం చూసేవాళ్లు ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

సరే, పేర్లు.

మెడికల్ జర్నల్స్ ఎక్కువగా ఒప్పుకునే కొలత ఐసీఎంజేఈ వాళ్లది. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు ఎడిటర్లు కూర్చుని మొదలుపెట్టిన సంఘం అది. ఆథర్ అనాలంటే నాలుగూ ఉండాలంటారు వాళ్లు. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి. రాతలో చెయ్యి ఉండాలి, లేదా రాసినదాన్ని విషయం తెలిసి దిద్ది ఉండాలి. అచ్చుకు వెళ్లే ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ప్రశ్న వస్తే జవాబుదారీగా నిలబడాలి. డిపార్ట్‌మెంట్‌కు పెద్ద కావడం, నిధులు ఇప్పించడం, ఇవి మాత్రమే చాలవని విడిగా చెప్పారు కూడా.

ఈ లెక్కన మీ సార్ బయటివారేమీ కాదు. ఆలోచన ఆయనదేనని, ప్రోటోకాల్ ఆయనే దిద్దారని, బండి, రీఏజెంట్లు ఆయనే ఇప్పించారని మీరే రాశారు. కోపంలో ఈ ముక్క మర్చిపోకండి. డ్రాఫ్టు చదివి దిద్దితే ఆయన పేరు న్యాయంగానే ఉంటుంది. ఏ స్థానంలో అన్నదే పేచీ. పని ఎక్కువ చేసి, రాసినవాళ్లది మొదటి పేరు, పెద్దవారిది చివరి పేరు అన్నది ఆనవాయితీ. ప్రమోషన్ల కోసం మొదటి ముగ్గురిలో ఉండాలి లేదా కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే ఆథర్) అయి ఉండాలి అని జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2022 నిబంధనల్లో పెట్టింది. మీ కాలేజీ ఇప్పుడు ఏ నిబంధన పాటిస్తోందో ఆఫీసులో కనుక్కోండి. ఆయన ఇప్పటికే ప్రొఫెసర్. ఆ లెక్క అవసరమైనది మీకు.

అందుకే చివరి పేరుతోపాటు కరెస్పాండింగ్ ఆథర్ కూడా ఆయన్నే ఉండమని అడిగితే ఒప్పుకోవచ్చు, మర్యాద దక్కినట్టుంటుంది. దానికి ఒక ఖరీదుంది. జర్నల్ నుంచి మెయిళ్లన్నీ ఆయనకే వెళ్తాయి. రివిజన్ గడువు ఆయన ఇన్‌బాక్సులో పడి ఉంటే మీకు తెలియదు. ఆయన మెయిల్ చూసే అలవాటు ఎలాంటిదో మీకే తెలుసు.

బంధువు విషయంలో, పని చేయకుండా పేరు పెట్టడం బహుమతి ఇచ్చినట్టు. ఆమెకూ మంచిది కాదు, కిట్ గురించి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే ఏం చెబుతుంది? అయితే ‘వద్దు’ అని మొహం మీద చెప్పడం తప్ప దారి లేదనుకోకండి. ఎలాగూ 57 మందిని తీసి లెక్కలు మళ్లీ వేయాలి. కిట్ మారకముందు, తర్వాత అని విడదీయాలి. రిజిస్టర్‌తో ఎక్సెల్ షీట్ పోల్చి చూసే మనిషి కావాలి. నిజంగా ఆ పని చేసి, డ్రాఫ్టు చదివి దిద్దితే ఆమె పేరు చివరికి ముందు ఎక్కడో న్యాయంగానే ఉంటుంది. చేయనంటే తనంతట తానే తప్పుకున్నట్టవుతుంది. రెండో స్థానం మాత్రం కాదు.

ఈ మాటలు సార్ గదిలో ఎలా ఎత్తాలన్నదే మీ టెన్షన్ అనుకుంటాను. ఐసీఎంజేఈ రూల్స్ చదివి వినిపించకండి. చాలా జర్నల్స్ ఇప్పుడు ఎవరేం చేశారో చెప్పమంటున్నాయి. క్రెడిట్ అనే పట్టికలో 14 రకాల పనులుంటాయి. దాన్ని ప్రింట్ తీసి, మీ వరకు మీరు నింపి, ‘సార్, జర్నల్ వాళ్లు ఇది అడుగుతున్నారు, మీ గళ్లు మీరు నింపుతారా’ అని ఆయన టేబుల్ మీద పెట్టండి. బంధువు పేరు ఎదురుగా ఏ గడి నింపాలో ఆయనే చూసుకుంటారు. పెద్దవాళ్లకు మనం అడ్డు చెప్పినట్టుండదు, కాగితం అడ్డు చెప్పినట్టుంటుంది.

అయినా సార్ మొదటి పేరు నాదే అని కూర్చుంటే? డీన్ దగ్గరికో, కాలేజీ రీసెర్చ్ కమిటీకో వెళ్లొచ్చు. న్యాయం మీ వైపు ఉంటుంది, కానీ అదే డిపార్ట్‌మెంట్‌లో ఇంకా ఏళ్ల తరబడి ఆయన కింద పనిచేయాలి. ఆ పేచీకి సిద్ధమేనా అన్నది మీరు, మీ ఇంట్లోవాళ్లు ఆలోచించుకోవాల్సిన మాట. లేదా రెండో పేరుతో సర్దుకోవచ్చు. నష్టమే, కానీ మొదటి ముగ్గురిలో ఉంటారు, తర్వాతి పేపరు మీరే మొదలుపెట్టుకోవచ్చు. సర్దుకోకూడనివి రెండు. ఒకటి తేదీ. రెండోది టెక్నీషియన్.

అతన్ని ‘కృతజ్ఞతలు’ విభాగంలో పెడితే చాలదా అని మీకు అనిపించి ఉండొచ్చు. రక్తం తీయడం ఒక్కటే అయితే చాలునేమో. కానీ డేటా సేకరణలో ప్రధానమైన పని చేసినవాళ్లకు డ్రాఫ్టు చదివి, దిద్ది, ఒప్పుకునే అవకాశం ఇవ్వాలని ఐసీఎంజేఈ చెబుతోంది. అంటే అవకాశమే ఇవ్వకుండా, రాతలో అతని చెయ్యి లేదు కదా అని తప్పించడం కుదరదు. పద్ధతుల విభాగం పట్టుకుని అతనితో కూర్చోండి. ఇంగ్లిష్‌లో ఉన్నది తెలుగులో చెప్పండి. కిట్ ఏ వారం మారింది, ఐస్ బాక్సులో శాంపిల్ ఎన్ని గంటలుంది, సెంట్రిఫ్యూజ్ చెడిపోయిన రోజు ఏం చేశారు, ఇవి అతనికి మాత్రమే తెలుసు. వాటితో మీ రాత మారితే అతను దిద్దినట్టే. జవాబుదారీ అంటే ఏమిటో కూడా చెప్పి, అప్పుడు పేరు పెట్టమంటావా అని అడగండి. వద్దంటే, కృతజ్ఞతల్లో వేయడానికి అతని అనుమతి తీసుకోండి.

72 గంటల జర్నల్ గురించి ఎక్కువ చెప్పను. మూడు రోజుల్లో ఏ రివ్యూయరూ క్రియాటినిన్ పద్ధతి గురించి అడగలేడు. ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉందని మురిసిపోకండి, అది పత్రికల గుర్తింపు సంఖ్య మాత్రమే, ఎవరికైనా ఇస్తారు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో ఆ జర్నల్ పేరు కొట్టి, ఇప్పుడు వాళ్లు ఎంపిక చేసిన జర్నల్స్ జాబితా మెడ్‌లైన్‌లో ఉందో లేదో చూడండి. పేరు ఒక్క అక్షరం తేడాతో ప్రసిద్ధ జర్నల్‌లా ఉండొచ్చు, ఐఎస్ఎస్ఎన్ పోల్చుకోండి. ఒకసారి అక్కడ అచ్చయితే అదే పేపర్‌ను ఇంకో మంచి జర్నల్‌కు పంపలేరు. వెనక్కి తీసుకుంటామంటే దానికీ డబ్బడిగేవాళ్లున్నారు. మీ విషయానికి ఇండియన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ నెఫ్రాలజీ లాంటివి ఉన్నాయి. పంపేముందు రుసుము సంగతి వాళ్ల సైట్‌లోనే చూసుకోండి. ఒకేసారి రెండు జర్నల్స్‌కు మాత్రం పంపకండి.

ఇంగ్లిష్‌కు భయపడి ఏజెన్సీకి ఇవ్వకండి. వాళ్లకు కిట్ సంగతి తెలియదు, మీ ఊరు తెలియదు. చిన్న వాక్యాలు రాయండి. మీరు చేసింది సర్వే కాబట్టి, ఇలాంటి పేపర్లలో ఏమేం రాయాలో చెప్పే స్ట్రోబ్ పట్టికలోని 22 అంశాలు పక్కన పెట్టుకుని, ఒక్కోటి ఏ పేజీలో ఉందో టిక్ పెట్టుకుంటూ పోతే సగం పని అయిపోతుంది. భాష దిద్దడానికి ఏఐ టూల్ వాడితే జర్నల్‌కు ఆ మాట చెప్పండి, దాని పేరు ఆథర్‌గా పెట్టకూడదు. రోగుల షీట్ మాత్రం అందులో వేయొద్దు. మీ కాలేజీలో ఇంగ్లిష్ బాగా రాసే పీజీ ఎవరైనా ఉంటే ఒక సాయంత్రం కూర్చోబెట్టి చదివించండి, కృతజ్ఞతల్లో పేరు వేయండి.

ఒక చిన్న పని మిగిలింది. మన పేర్లతో జర్నల్స్‌కు ఎప్పుడూ తంటాయే. ఇంటిపేరు ముందుంటుంది, సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా. పరిశోధకుల గుర్తింపు సంఖ్య ఆర్కిడ్ ఉచితంగా వస్తుంది, మీరూ తీసుకోండి, టెక్నీషియన్‌కూ ఇప్పించండి. ఏ పేరు ఏ స్పెల్లింగుతో పడాలో అతన్నే అడిగి రాసుకోండి. సబ్మిట్ చేశాక పేరు కలపాలన్నా తీయాలన్నా అందరి సంతకాలూ అడుగుతారు, సార్‌వి కూడా.